'హలో హలో' అంటే చాలదు: పరిషత్తుల నిర్వాహకులకు, మైకు మిత్రులకు ఒక హార్మోనిస్టు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నాటక పరిషత్తుల నిర్వాహకులకు, కళాక్షేత్రాల బాధ్యులకు, తిరునాళ్ల కమిటీ పెద్దలకు, సౌండ్ ఆపరేటర్ సోదరులకు,

నమస్కారం.

నేను 26 ఏళ్లుగా పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో నేను కూర్చోని స్టేజీ తక్కువ. ఈ లేఖలో చెప్పబోయే సంగతే ఇంతకుముందు రెండుసార్లు రాతపూర్వకంగా ఇచ్చాను. ఒకసారి ఒక పరిషత్తు కార్యదర్శి గారి చేతికి, ఇంకోసారి ఒక హాలు ఆఫీసులో. "చూద్దాం" అన్న మాట కూడా రాలేదు. అందుకే నలుగురి ముందు పెడుతున్నాను.

చందాలు పోగేసి, చేతి డబ్బు కలిపి, రాత్రుళ్లు మేలుకుని మీరు నాటకాన్ని నిలబెడుతున్నారు. ఆ రుణం మాకు తెలుసు. ఇక విషయానికి వస్తాను.

పైకి చూస్తే ఇది చాలా చిన్న సంగతి. మైకుల శబ్దాన్ని సర్దే మిక్సర్ మీద గెయిన్, అంటే మైకు శబ్దాన్ని మొదట పెంచే నాబ్, ఎంత పెట్టాలి, హెచ్చిన గొంతును అణిచే కంప్రెసర్ ఎలా పెట్టాలి అన్నదే. కానీ పద్య నాటకం చచ్చేదీ బతికేదీ ఇప్పుడు ఆ రెండింటి దగ్గరే అని నా నమ్మకం. ఎందుకో తెలియాలంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి. ఊరి పేరు, హాలు పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఊరి తప్పులా కనిపిస్తుంది. ఇది చాలా ఊళ్లలో జరుగుతున్నదే.

పద్య నాటక పోటీలు. ఆ రోజు మాది రెండో నాటకం. నాలుగింటికే మేకప్ మొదలుపెట్టారు. మైకు సెట్ అబ్బాయి ఐదున్నరకు వచ్చాడు, ముందురాత్రి ఎక్కడో పెళ్లి రిసెప్షన్ చేసి, నిద్ర లేకుండా. 22 ఏళ్లుంటాయేమో. కేబుళ్లు లాగి, స్టాండ్లు నిలబెట్టి, ఒక్కో మైకు ముందుకెళ్లి "హలో... హలో... చెక్... వన్ టూ త్రీ" అన్నాడు. మొత్తం మూడు నిమిషాల పని. ఇంకాస్త చూసుకుందాం అనుకునేలోపే జ్యోతి ప్రజ్వలనకు అతిథులు వచ్చేశారు. తర్వాత సన్మానాలు, గంటా పది నిమిషాలు. శాలువాలకు గంటా పది నిమిషాలు దొరికాయి, పద్యానికి ఒక్క నిమిషం దొరకలేదు.

మా కృష్ణ పాత్రధారికి అరవై దాటాయి. గొంతు ఇప్పటికీ ఖంగుమంటుంది. మొదటి పద్యం నెమ్మదిగా ఎత్తుకున్నారు, బాగానే ఉంది. మూడో పాదంలో పై స్థాయికి వెళ్లి రాగం విప్పేసరికి బాక్సుల్లోంచి రేకు డబ్బా మీద మేకుతో గీసినట్టు చప్పుడు. వెనక వరసల్లోంచి "మైకు! మైకు!" అని కేకలు. అబ్బాయి గబగబా ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) కిందికి లాగాడు. చప్పుడు తగ్గింది, గీకుడు మాత్రం పోలేదు. ఇంతకుముందు పెద్దగా గీకింది, ఇప్పుడు చిన్నగా గీకుతోంది, అంతే తేడా. ఆ తర్వాత వచనం మొదలైంది, మూడో వరసకు కూడా అందలేదు. మళ్లీ పైకి తోశాడు. ఇంకో పద్యంలో కృష్ణుడు ఊపిరి తీసుకునే సందులో నా హార్మోనియం గుప్పున లేచింది, దాని వెనకే మైకు కీచుమని కూత పెట్టింది.

రంగం మారే విరామంలో మిక్సర్ దగ్గరికి వెళ్లాను.

"ఏంటి బాబూ ఇది?"

"మాస్టారూ, ఫేడర్ సగం కూడా లేదు, ఇంకేం తగ్గించమంటారు? కంప్రెసర్ కూడా పెట్టానండీ."

తప్పించుకోవడానికి అన్న మాట కాదది. కుర్రాడికి నిజంగానే అంతుపట్టలేదు, చొక్కా తడిసిపోయింది టెన్షన్‌తో. స్క్రీన్ మీదికి వంగి చూశాను. అందులో నడుస్తున్న సెట్టింగు పేరు 'రిసెప్షన్'. ముందురోజు పెళ్లిలో యాంకరమ్మ మాటలకు సేవ్ చేసుకున్నది, ఇవాళ కృష్ణుడి గొంతు మీద నడుస్తోంది. ఫోన్‌తో ఆ స్క్రీన్ ఫోటో తీసుకుని వచ్చేశాను. అప్పటికి ఆ అంకెలు నాకూ అర్థం కావు.

ఆ రాత్రి మా కృష్ణుడికి ఒక్క వన్స్‌మోర్ రాలేదు. ఆ పద్యానికి వన్స్‌మోర్ రాకపోవడం నేను చూడటం అదే మొదలు. గ్రీన్‌రూములో కిరీటం తీసి బల్ల మీద పెట్టి, "గొంతు పోయిందేమోరా" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత నేర్చుకున్నాను. మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు. అహూజా యాంప్లిఫయర్, రెండు బాకాలతో మొదలుపెట్టి డిజిటల్ మిక్సర్ దాకా వచ్చిన మనిషి. బాబాయ్ అని పిలుస్తాను. ఆయన షాపులో మైకు, మిక్సర్, నా హార్మోనియం పెట్టుకుని నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను. అనుభవం ఉన్న ఆపరేటర్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. నిర్వాహకులు మాత్రం దయచేసి దాటేయకుండా చదవండి, ఎందుకంటే నా కోరికల్లో సగం మీ చేతిలోవే.

మైకులోంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టుల కరెంటు. దాన్ని సుమారు ఒక వోల్టు దాకా పెంచేది చానెల్ పైన ఉన్న మొదటి నాబ్. దానిపేరే గెయిన్, కొన్ని మిక్సర్ల మీద ట్రిమ్ అని రాసి ఉంటుంది. ఫేడర్ ఆ దారికి చివర ఎక్కడో ఉంటుంది. గెయిన్ ఎక్కువై అక్కడే శబ్ద తరంగాల తలలు తెగిపోతే ఫేడర్ చేయగలిగిందేమీ లేదు, తెగినవాటినే పెద్దగానో చిన్నగానో పంపుతుంది. మాడిన కూర కొంచెమే వడ్డించినా మాడు వాసన పోతుందా? అబ్బాయి ఫేడర్ లాగినా గీకుడు ఆగకపోవడానికి కారణం ఇదే. కంప్రెసర్ కూడా గెయిన్ తర్వాతే వస్తుంది, అది తెగిన తలల్ని అతికించలేదు.

బాబాయ్ సిగరెట్ పెట్టె అట్ట మీద ఒక లెక్క వేసి చూపించారు. చాలా అనలాగ్ మిక్సర్లలో మీటరు మీద సున్నా అంటే +4 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే కొలత). +20 దగ్గరికి వచ్చేసరికి తల తెగుతుంది. మధ్యలో ఖాళీ 16 డెసిబెల్స్. ఆపరేటర్ మామూలు గొంతుతో "హలో" అంటే సూది సున్నా మీద నిలిచేలా గెయిన్ పెట్టాడనుకోండి. ఆ హలోకీ, తారస్థాయిలో విప్పిన రాగానికీ 20 డెసిబెల్స్ తేడా సులువుగా ఉంటుంది. అంటే మైకులోంచి వచ్చే వోల్టేజీ 10 రెట్లు. 16 అడుగుల ఎత్తున్న గదిలో 20 అడుగుల నిచ్చెన నిలబెట్టబోయినట్టు. పైకప్పుకు కొట్టుకోక ఏమవుతుంది?

ఇంకో సంగతి దూరం. మైకుకు జానెడు దూరంలో పాడుతున్న మనిషి మూరెడు దూరానికి జరిగితే ఒక్కసారిగా 6 డెసిబెల్స్ పడిపోతుంది. మూరెడు నుంచి జానెడుకు వస్తే అంతే పెరుగుతుంది. మా వాళ్లు వచనం వెనక నిలబడి చెప్పి, పద్యానికి మైకు దగ్గరికి వస్తారు. గొంతు పెరిగే చోటే దూరమూ తగ్గుతుంది. రెండూ కలిసి మీద పడతాయి.

కాబట్టి గెయిన్ పెట్టాల్సింది హలోతో కాదు. నటుడు ఆ నాటకంలో అన్నిటికన్నా పెద్దగా పాడే పాదం ఏదో అది పాడాలి, తను రాత్రి నిలబడబోయే చోటే నిలబడి. ఆపరేటర్ పీఎఫ్ఎల్ (ఆ ఒక్క మైకు శబ్దాన్ని ఫేడర్‌కు ముందే మీటరు మీద చూపే బటన్) నొక్కి మీటరు చూస్తూ గెయిన్ తిప్పాలి. అనలాగ్ మిక్సర్ అయితే ఎర్ర లైటు ఒక్కసారి కూడా మినుక్కుమనకూడదు. డిజిటల్ అయితే ఆ పాదం మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకుంటే మంచిది. జనాన్ని చూస్తే మావాళ్లకు గొంతు ఇంకాస్త లేస్తుంది, దానికి చోటుండాలి. డిజిటల్‌లో సున్నా అంటే సున్నాయే, ఆ పైన ఏమీ లేదు.

అలా పెడితే వచనం చిన్నదైపోతుంది కదా అని మీరు అడగాలి. అడిగితే కంప్రెసర్ ఎందుకో అర్థమవుతుంది. కంప్రెసర్ అంటే గొంతు ఒక గీత దాటినప్పుడు వెనక్కి లాగే చెయ్యి. ఆ గీతను త్రెషోల్డ్ అంటారు. ఎంత గట్టిగా లాగాలో చెప్పేది రేషియో. 3:1 పెడితే గీత మీద 9 డెసిబెల్స్ లేచిన గొంతును 3 మాత్రమే లేవనిస్తుంది. పట్టుకోవడానికి పట్టే సమయం ఎటాక్, వదలడానికి పట్టే సమయం రిలీజ్. పెద్ద గొంతును అలా కాస్త దించాక మొత్తాన్ని కొంచెం పైకి లేపుతాం, దాన్ని మేకప్ గెయిన్ అంటారు. అప్పుడు వచనం కూడా వెనక వరసకు అందుతుంది.

ఇక నా ఫోన్‌లో ఉన్న ఆ 'రిసెప్షన్' ఫోటో చూడండి. రేషియో 8:1. గీత మామూలు మాట కన్నా కింద. రిలీజ్ బాగా తక్కువ. మేకప్ గెయిన్ 10 డెసిబెల్స్. యాంకరమ్మ మాటకు అది చెల్లుతుంది, పక్కన పాట మోగుతున్నా మాట తేలాలి కాబట్టి. పద్యానికి ప్రాణమే హెచ్చుతగ్గులు. నెమ్మదిగా మొదలై, మెట్టు మెట్టు ఎక్కి, పైన ఒక చోట నిలబడి, సంగతులు విరిచి, దిగి రావాలి. దాని మీద 8:1 అంటే పూలతోట మీద రోడ్డు రోలర్. పైగా గాయకుడు ఊపిరి కోసం ఆగగానే లాగే చెయ్యి వదిలేస్తుంది, ఆ పది డెసిబెల్స్ మేకప్ గెయిన్ అడ్డం లేకుండా బయటపడుతుంది. ఫ్యాన్ల రొద, పక్కనున్న నా హార్మోనియం, చివరికి కూత. ఆ రాత్రి మైకు కీచుమన్నది పాడుతున్నప్పుడు కాదు, పాట ఆగినప్పుడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

పద్యానికి మేం నాలుగు ఆదివారాలు వెతుక్కుని కుదుర్చుకున్నవి ఇవి. రేషియో 2.5:1 లేదా 3:1. గీత వచనానికి తగలకుండా పైన. అతి పెద్ద పాదానికి 5, 6 డెసిబెల్స్ మించి లాగకుండా. ఎటాక్ 15 నుంచి 20 మిల్లీసెకన్లు, రిలీజ్ 200 చుట్టూ. మేకప్ గెయిన్ 3 దాటనివ్వం. ఎటాక్ మరీ తక్కువ పెడితే హల్లు మొదలే అణిగిపోతుంది. ప్రాస ఉండేది హల్లులో. రెండో అక్షరం హల్లు వినపడని ఉత్పలమాల ఎవరికి కావాలి? ఈ అంకెలు వేదం కాదు, గొంతును బట్టి మారతాయి. కంప్రెసర్‌కు ఒకే నాబ్ ఉన్న చిన్న మిక్సర్లలో అయితే ఇవేవీ విడివిడిగా పెట్టలేం. ఆ నాబ్‌ను పావు వంతు కన్నా ఎక్కువ తిప్పకండి, అంతే. మిగతాది ఫేడర్ మీద వేలు చూసుకుంటుంది, పద్యం ఎప్పుడొస్తుందో తెలిసిన వేలైతే.

కొందరు పెద్దలు నాతో అన్నారు: "మా రోజుల్లో మైకే లేదు, ఇదంతా ఎందుకయ్యా?" నిజమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్లు తొలిరోజుల్లో ఆడింది మైకు లేకుండానే. కానీ అప్పుడు పందిట్లో జనరేటర్ లేదు, నెత్తిన ఫ్యాన్లు లేవు, పక్కనే హైవే లేదు. మైకు పెట్టాక మళ్లీ మైకు లేనట్టు పాడమనడం కుదరదు.

దీనివల్ల నష్టపోతున్నది ఎవరో చెబుతాను.

1. వెనక వరసల్లో కూర్చునే పెద్దవాళ్లు. పద్య నాటకానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరవై పైబడినవాళ్లే. వయసుతో ముందుగా మందగించేది సన్నని శబ్దాల వినికిడి. స, శ, త, ప లాంటివి ముందు జారిపోతాయి. వాల్యూమ్ పెంచితే అచ్చుల హోరు పెరుగుతుంది తప్ప హల్లు తేలదు. ఆ రాత్రి మధ్యలో లేచి వెళ్తున్న ఒక పెద్దాయనను గేటు దగ్గర ఆపి ఎందుకు వెళ్తున్నారని అడిగాను. రెండు ఆటోలు మారి వచ్చారట. "పద్యం తెలీడం లేదయ్యా, నా చెవులు పాడైపోయినట్టున్నాయి" అన్నారు. లోపల మా కృష్ణుడు తన గొంతు పోయిందనుకుంటున్నారు, బయట ఈయన తన చెవులు పోయాయనుకుంటున్నారు. మధ్యలో ఉన్న నాబ్‌ను ఎవరూ అనుమానించలేదు.

2. నటుల గొంతులు. ఇది బయటివాళ్లకు తెలియని బాధ. స్టేజీ మీద మాకు వినపడే మానిటర్ బాక్సుకు కూడా చాలాచోట్ల ఆ కంప్రెసర్ దాటిన శబ్దమే వస్తుంది. నటుడు గొంతు పెంచినకొద్దీ తనకు తాను పెద్దగా వినపడడు, చెయ్యి లాగేస్తుంటుంది. చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా పాడతాడు. అదింకా గట్టిగా లాగుతుంది. మూడు గంటల నాటకం ఇలా ఆడితే మర్నాడు గొంతు రాదు. కాంట్రాక్టు నాటకాలతో బతికే కళాకారుడికి మర్నాడు ఇంకో ఊళ్లో నాటకం ఉంటుంది. గొంతు రాకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

3. స్త్రీ పాత్రధారులు. వాళ్ల శృతి ఎక్కువ, పై స్థాయిలో మైకు కూత పెడుతుందన్న భయంతో ట్రెబుల్ మొత్తం కోసేస్తారు. దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది. కాలర్ మైకు అయితే హారాల కింద పెడతారు, ప్రతి అడుగుకూ పూసల గలగల. దాన్ని కంప్రెసర్ ఇంకా పైకి లేపుతుంది.

4. చుట్టుపక్కల ఇళ్లు. మాట తేలకపోతే వాల్యూమ్ పెంచుతాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ పెడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితి కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75 డెసిబెల్స్, ఏది తక్కువైతే దానికి మించకూడదు. రాత్రి 10 తర్వాత ఆరుబయట మైకు పెట్టడానికి, ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు ఇచ్చే సడలింపు తప్ప, వీల్లేదు. శ్రీరామనవమి పందిళ్ల రోజుల్లోనే పిల్లలకు పరీక్షలు. స్పష్టంగా ఉన్న శబ్దం తక్కువ వాల్యూమ్‌లోనే అందుతుంది. పగిలిన శబ్దం ఎంత పెంచినా అందదు, పొరుగువాళ్ల నిద్ర మాత్రం చెడుతుంది. పోలీసు వచ్చి ఆపించేది కూడా నాటకాన్నే, మిక్సర్‌ను కాదు.

5. ఆపరేటర్ కుర్రాడు. ఆ రాత్రి అందరి చేతా తిట్లు తిన్నది అతనే. డబ్బులు కూడా కోసి ఇచ్చారని తర్వాత తెలిసింది. మైకు పరీక్షకు సమయం ఇవ్వనివాళ్లెవరూ తిట్లు తినలేదు.

ఇక పోటీల మార్కుల సంగతి ఎక్కువ రాయను. ముందు వరసలో కూర్చునే న్యాయ నిర్ణేతలకు స్టేజీ మీది గొంతు నేరుగా కూడా అందుతుంది కాబట్టి వెనక జరిగేది వాళ్లకు సగమే తెలుస్తుంది. దయచేసి ఒక్క పద్యమైనా వెనక నిలబడి వినండి.

మా విన్నపాలు ఇవి. విన్నపాలు అన్నానని తేలిగ్గా తీసుకోవద్దు.

1. ప్రతి నాటకానికీ పాత్రధారులతో మైకు పరీక్షకు 20 నిమిషాలు ఇవ్వాలి. పోటీల నియమావళిలో, ఆహ్వాన పత్రంలో ఈ మాట రాయాలి. రోజుకు మూడు నాటకాలుంటే మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే నాలుగు గంటలకు అయిపోతుంది. సన్మానంలో ఒక్క శాలువా కూడా తగ్గించనక్కర్లేదు.

2. మిక్సర్ ప్రేక్షకుల మధ్య ఉండాలి. చాలా హాళ్లలో దాన్ని సైడ్ వింగులోనో, తలుపు వేసిన గదిలోనో పెడతారు. అక్కడ కూర్చుని హాలుకు శబ్దం పెట్టడమంటే రుచి చూడకుండా ఉప్పు వేయడమే. పది వరసల వెనక ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కేబుల్. ఇంతకు మించి ఖర్చు లేదు.

3. నాటకం నడుస్తున్నంతసేపూ ఆపరేటర్‌ను అక్కడి నుంచి కదిలించొద్దు. అతిథికి కార్డ్‌లెస్ అందించడానికి, ఫ్లెక్సీ కట్టడానికి, టీలు తేవడానికి అతన్ని పిలవొద్దు.

4. ఆపరేటర్ సోదరులారా, ఇది మీకు. నాటకానికి వచ్చేటప్పుడు పాత సేవ్‌లు లోడ్ చేయకండి. కంప్రెసర్ ఆఫ్‌లో ఉంచి ముందు గెయిన్ పెట్టండి, ఆ తర్వాతే దాన్ని ఆన్ చేయండి. చెక్కల స్టేజీ మీద అడుగుల దబదబ, ఫ్యాన్ గాలి పోవడానికి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకన్నా కింది శబ్దాలను కోసే బటన్) నొక్కండి. ఎవరూ లేని మైకు తెరిచి ఉంచకండి. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూతకు 3 డెసిబెల్స్ దగ్గరవుతాం. ఎనిమిది మైకుల్లో రెండు తప్ప మిగతావి మ్యూట్ చేస్తే 6 డెసిబెల్స్ చోటు ఊరికే వస్తుంది. మానిటర్‌కు కంప్రెసర్‌కు ముందు నుంచి శబ్దం ఇవ్వండి. మీ మిక్సర్‌లో ఆ వీలు లేకపోతే అదే మైకును రెండు చానెళ్లకు పంచి, ఒకటి కంప్రెసర్ లేకుండా మానిటర్‌కు ఉంచండి.

5. నాటక సమాజాలు ముందురోజే ఆపరేటర్‌కు స్క్రిప్టు ఇవ్వాలి. ఏ పేజీలో ఎవరి పద్యం, ఎక్కడ పై స్థాయి, ఎక్కడ ఇద్దరు కలిసి పాడతారు, ఇవి ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఇస్తే చాలు. ఇది మా పని, ఇన్నాళ్లూ మేం చేయలేదు.

6. మావాళ్లకు ఇంకో మాట. మైకును "ఫూ ఫూ" అని ఊదొద్దు, వేలితో కొట్టొద్దు. పరీక్షలో "గొంతు దాచుకుంటున్నానండీ" అని గొణిగి, రాత్రి సింహంలా గర్జిస్తే ఏ ఆపరేటరూ కాపాడలేడు. ఒక్క పాదం, పూర్తి గొంతుతో. హార్మోనిస్టులకు కూడా చెబుతున్నాను, నాతో సహా. "హార్మోనియం కొంచెం పెంచు బాబూ" అని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు సైగ చేశానో లెక్కలేదు. అందులో సగం సార్లు అవసరం లేదని ఇప్పుడు తెలుస్తోంది.

7. మైకు సెట్‌కు తక్కువ రేటు చెప్పినవాడికే ఇచ్చే పద్ధతి మార్చాలి. అద్దెలో ఆపరేటర్ కూలి విడిగా చూపించి, అది ఆ మనిషికే నేరుగా ఇవ్వాలి. ముందురాత్రి పెళ్లి చేసి వచ్చిన కుర్రాడికి భోజనం, రెండు గంటల నిద్ర దొరికేలా చూడటం కమిటీకి పెద్ద భారం కాదు.

8. ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచే కళాక్షేత్రాల్లో ఆ హాలు ఆనుపానులు తెలిసిన ఆపరేటర్ శాశ్వతంగా ఉండాలి. రెండు రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలూ ఏడాదికి రెండు రోజులైనా జిల్లా కేంద్రంలో మైకు సెట్ వాళ్లకు శిక్షణ పెట్టాలి. అక్కడ పాఠం చెప్పడానికి ఇంజినీర్‌తో పాటు ఒక పద్యం పాడే మనిషిని కూడా పిలవాలి.

వీటిలో మొదటి మూడింటికి పెద్దగా ఖర్చు లేదు. వాటికి ఉగాది లోపు జవాబు కావాలి. ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి. జవాబు రాకపోతే, మైకు పరీక్షకు సమయం ఇవ్వని పోటీల్లో మా సమాజం తరఫున నేను హార్మోనియం పెట్టె తెరవను. మిగతా సమాజాల వాళ్లతో కూడా ఈ మాట మాట్లాడుతున్నాను.

ఏ పరిషత్తు పిలిచినా గంట ముందే వస్తాను, బాబాయ్‌ను వెంటబెట్టుకుని. ఫోన్‌లో 'రిసెప్షన్' ఫోటో కూడా తెస్తాను. మా కృష్ణుడిని కూడా అడిగాను. మేకప్ వేసుకోకముందే వచ్చి, ఆ మూడో పాదం పూర్తి గొంతుతో పాడటానికి ఒప్పుకున్నారు. ఆయనకు కావాల్సింది చక్కెర లేని టీ ఒకటి, ఎర్ర లైటు వెలగని మీటరు ఒకటి.

ఇట్లు,
ఒక హార్మోనిస్టు